అమెరికా ప్రభుత్వం: అధికారం ఎవరిది, భాషకు రక్షణ ఎక్కడిది?

అమెరికా రాజ్యాంగాన్ని 1787లో రాశారు. అందులో అధికార భాష ప్రస్తావన లేదు. మన రాజ్యాంగంలోని 30, 350ఎ, 350బి అధికరణల వంటి భాషా అల్పసంఖ్యాకుల రక్షణలూ లేవు. అయినా అక్కడ ఇంటి భాషను కాపాడుకునే దారులున్నాయి. అవి అర్థం కావాలంటే అక్కడ అధికారాన్ని ఎలా పంచారో తెలియాలి.

మూడు శాఖలు

చట్టాలు చేసేది కాంగ్రెస్. అక్కడ అది పార్టీ పేరు కాదు, పార్లమెంటు పేరు. ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు, పదవీకాలం రెండేళ్లు. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది, పదవీకాలం ఆరేళ్లు. అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు. మన ప్రధానిలా ఆయనకు సభలో మెజారిటీ అవసరం లేదు. ఆయన బిల్లును తిరస్కరిస్తే, రెండు సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని మళ్లీ నెగ్గించుకోవచ్చు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. వారికి రిటైర్మెంట్ వయసు లేదు.

రాష్ట్రాల బలం

కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలవి, ప్రజలవి అని 1791 నాటి పదో సవరణ చెబుతుంది. మన దగ్గర మిగులు అధికారాలు కేంద్రానివి. మన పార్లమెంటు మూడో అధికరణ కింద రాష్ట్రాల సరిహద్దులు మార్చగలదు, అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు. అమెరికాలో శాసనసభ ఒప్పుకోకుండా రాష్ట్రాన్ని విడగొట్టలేరు. బడి చదువులు ప్రధానంగా రాష్ట్రాల చేతిలోనే ఉంటాయి. హవాయి రాష్ట్రంలో 1978 నుంచి ఇంగ్లిష్‌తో పాటు హవాయియన్ కూడా అధికార భాష.

కోర్టు అడ్డుపడిన సందర్భం

రాష్ట్రమే భాషను అణచివేస్తే? మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్ల మీద కోపంతో నెబ్రాస్కా 1919లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు విదేశీ భాష నేర్పకూడదు. పదేళ్ల బాలుడికి జర్మన్ నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే టీచర్‌కు 25 డాలర్ల జరిమానా పడింది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. తీర్పుకు ఆధారం భాషా హక్కు కాదు, 14వ సవరణలోని స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛలో టీచర్ వృత్తీ, పిల్లల చదువుపై తల్లిదండ్రుల హక్కూ ఉన్నాయని కోర్టు చెప్పింది.

ఉత్తర్వు వేరు, చట్టం వేరు

2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 2000లో క్లింటన్ ఇచ్చిన భాషా సేవల ఉత్తర్వును దానితో రద్దు చేశారు. ఇలాంటి ఉత్తర్వు కేంద్ర కార్యాలయాలకు వర్తిస్తుంది. తర్వాతి అధ్యక్షుడు దాన్ని తీసేయగలడు. చట్టం అలా కాదు. నిర్దేశిత సంఖ్యలో భాషా అల్పసంఖ్యాక ఓటర్లున్న చోట వారి భాషలోనూ బ్యాలెట్ ఇవ్వాలని 1975లో కాంగ్రెస్ చట్టం చేసింది. 2006లో దాన్ని 2032 వరకు పొడిగించింది. అధ్యక్షుడు సంతకంతో దాన్ని రద్దు చేయలేడు.

భావజాలాలు

లిబరల్స్ సాధారణంగా డెమోక్రటిక్ పార్టీ వైపు, కన్జర్వేటివ్స్ రిపబ్లికన్ పార్టీ వైపు ఉంటారు. బలహీనులకు ప్రభుత్వం అండగా నిలవాలనేది లిబరల్ వాదన. కేంద్రం పాత్ర తగ్గాలి, కుటుంబం, మతం, రాష్ట్రం ముఖ్యం అనేది కన్జర్వేటివ్ వాదన. వ్యక్తి జీవితంలోనూ వ్యాపారంలోనూ ప్రభుత్వ జోక్యం తగ్గాలనేవారు లిబర్టేరియన్లు. అయితే పేరు చూసి తీర్పు ఊహించలేం. మేయర్ తీర్పు రాసిన మెక్‌రేనాల్డ్స్ గట్టి కన్జర్వేటివ్. లిబరల్స్ మెచ్చుకునే హోమ్స్ దానితో విభేదించారు.

కాబట్టి అక్కడున్న మన పిల్లల గురించి ఏ వార్త వచ్చినా కంగారుపడే ముందు రెండు విషయాలు చూడాలి. అది ఉత్తర్వా, చట్టమా, తీర్పా? ఇచ్చింది కేంద్రమా, రాష్ట్రమా? అది ఎంతకాలం నిలుస్తుందో, ఎక్కడ సవాలు చేయాలో వీటిని బట్టే తెలుస్తుంది.