నావికా సాగర్ పరిక్రమ

భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘తారిణి’ అనే తెరచాప పడవ మీద చేసిన భూప్రదక్షిణను నావికా సాగర్ పరిక్రమ అంటారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఇది పందెం కాదు, వెంట మరో పడవ లేదు. అయితే వీరు తిరిగిన దారి చాలా మటుకు ప్రపంచ నౌకాయాన పందేలు నడిచే దారే. అందుకే ఆ పందేల చరిత్రతో కలిపి చూస్తే తప్ప ఈ యాత్ర విలువ సరిగా తెలియదు.

సిబ్బందితో కూడిన తెరచాప పడవలు ప్రపంచాన్ని చుట్టివచ్చే మొదటి పెద్ద పందెం 1973 సెప్టెంబరులో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవు నుంచి మొదలైంది. ఖర్చు పెట్టుకున్న బీరు కంపెనీ పేరుతో దానికి విట్‌బ్రెడ్ పందెమని పేరు వచ్చింది. కేప్‌టౌన్, సిడ్నీ, రియో డి జెనీరోలలో ఆగుతూ నాలుగు అంచెల్లో సాగింది. గెలిచింది బ్రిటిష్ సైనిక బృందాలో, ఫ్రెంచి నిపుణులో కాదు. ఇంటివాళ్లతో, స్నేహితులతో వచ్చిన మెక్సికో వ్యాపారి రామోన్ కార్లిన్ పడవ ‘సయూలా-2’ గెలిచింది. ఆ మొదటి పందెంలోనే ముగ్గురు నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు.

ప్రాణాలు తీసేది దక్షిణ మహాసముద్రం. నలభై డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక పడమటి గాలులకు అడ్డు నిలిచే భూభాగం దాదాపు ఉండదు. గాలి, అల రెండూ భూగోళం చుట్టూ తిరుగుతూ బలం పుంజుకుంటాయి. పందెపు పడవలకు వేగం ఇచ్చేది ఆ గాలే కాబట్టి, ప్రమాదమని తెలిసీ అక్కడికే దిగుతాయి. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దగ్గర ఆ నీరంతా ఇరుకు సందులోకి, తక్కువ లోతులోకి తోసుకువస్తుంది. పడవ నడిపేవాళ్లు వంతులు వేసుకుని కొన్ని గంటలు పైన పనిచేస్తారు, కొన్ని గంటలు కింద పడుకుంటారు. బట్టలు ఆరవు, కంటినిండా నిద్ర ఉండదు.

1989-90 పందెంలో ట్రేసీ ఎడ్వర్డ్స్ నాయకత్వాన ‘మెయిడెన్’ అనే పాత పడవను బాగుచేసుకుని పూర్తిగా మహిళలతోనే ఒక జట్టు వచ్చింది. సగం దారిలోనే వెనుదిరుగుతారన్నవారు చాలామందే ఉన్నారు. ఆ జట్టు రెండు అంచెలు గెలిచి, తన తరగతిలో రెండో స్థానంలో నిలిచింది. 2001 నుంచి ఈ పందెం వోల్వో ఓషన్ రేస్ అయింది, ఇప్పుడు ద ఓషన్ రేస్ పేరుతో సాగుతోంది. 2008 డిసెంబరులో పందెం పడవలు కొచ్చిలో ఆగాయి. భారతదేశపు రేవుకు ఈ పందెం రావడం అదే మొదటిసారి.

మన దేశానికి ఈ చరిత్రతో అంతకు ముందే సంబంధం ఉంది. 1968-69లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి మనిషి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ ‘సుహైలీ’ని బొంబాయిలో టేకు చెక్కతో కట్టారు. భారతీయుల తొలి ప్రదక్షిణ 1985-87లో జరిగింది. సైన్యంలోని ఇంజనీర్ల దళం ‘తృష్ణ’ అనే పడవ మీద ఆ యాత్ర చేసింది. ఆ తర్వాత వైస్ అడ్మిరల్ మనోహర్ అవతి పట్టుదలతో నౌకాదళం ఒంటరి యాత్రలకు పూనుకుంది. ‘మాదెయి’ పడవ మీద 2009-10లో దిలీప్ దోండే నాలుగు రేవుల్లో ఆగుతూ, 2012-13లో అభిలాష్ టామీ ఎక్కడా ఆగకుండా భూప్రదక్షిణ పూర్తిచేశారు.

తారిణి ఆ మాదెయికి చెల్లెలు. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డి స్టాట్ సంస్థ నమూనా ప్రకారం గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డు దీన్ని కట్టింది. పొడవు సుమారు 17 మీటర్లు, తెరచాప కొయ్య ఒక్కటే. 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది. ఒడిశా గంజాం జిల్లాలోని తారా తారిణి గుడి నుంచి పేరు తీసుకున్నారు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లు కొలిచే దేవత తారా తారిణి. తెలుగువారు బాగా ఉన్న బరంపురానికి ఆ గుడి చేరువలోనే ఉంది.

జట్టుకు నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. మిగతావారు ప్రతిభా జామ్వాల్, స్వాతి, ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా. స్వాతి నౌకాదళంలో విమాన రాకపోకలను నియంత్రించే శాఖ అధికారిణి, ఐశ్వర్య నౌకల రూపకల్పన ఇంజనీరు. స్వాతి ఊరు తూర్పు నౌకాదళ కేంద్రం, సముద్రపు ఒడ్డునే ఉంటుంది. ఐశ్వర్య రాష్ట్రానికి తీరమే లేదు. తెలంగాణలో తెరచాప పడవల ఆట అంటే ప్రధానంగా హుస్సేన్‌సాగర్, సికింద్రాబాదు సైనికుల క్లబ్బులు, అక్కడ జరిగే పడవ పందేలు.

ప్రదక్షిణ అనిపించుకోవాలంటే భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి, అన్ని రేఖాంశాలనూ తాకాలి, కనీసం 21,600 నాటికల్ మైళ్లు నడవాలి. అంటే దాదాపు 40,000 కిలోమీటర్లు. సూయజ్, పనామా కాలువల్లోంచి పోకూడదు. తారిణి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లలో ఆగింది. అన్నిటికన్నా గడ్డు అంచె లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీల మధ్యది. పసిఫిక్ మీద దాదాపు నలభై రోజులు నడిచిన ఆ అంచెలో గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలితో తుపాను పట్టుకుంది. 2018 జనవరిలో వారు కేప్ హార్న్ దాటారు. మార్చిలో కేప్‌టౌన్ విడిచాక చుక్కాని వ్యవస్థ చెడింది. ముందుగా అనుకోని రేవైన మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగుచేసుకున్నారు. పందెంలో ఇటువంటి ఆగడం అంటే వెనకబడిపోవడమే. ప్రదక్షిణలో పడవను, మనుషులను క్షేమంగా ఇంటికి చేర్చడమే లెక్క.

అదే రుతువులో వోల్వో పందెం కూడా అదే దారిన నడిచింది. కేప్ హార్న్‌కు పడమట 2018 మార్చిలో జాన్ ఫిషర్ అనే నావికుడు సముద్రంలో పడి మళ్లీ దొరకలేదు. ఆ పందెం గెలిచిన ‘డాంగ్‌ఫెంగ్’ జట్టులో ఇద్దరు మహిళలున్నారు. వోల్వో పేరుతో జరిగిన పందేల్లో గెలిచిన జట్టులో మహిళలుండడం అదే మొదటిసారి.

తారిణి మొత్తం 254 రోజుల్లో ప్రదక్షిణ ముగించింది. అందులో 199 రోజులు సముద్రం మీదే గడిచాయి. బయలుదేరేటప్పుడు సాగనంపిన రక్షణ మంత్రి నిర్మలా సీతారామనే తిరిగి వచ్చినప్పుడు స్వాగతం పలికారు. జట్టుకు నారీ శక్తి పురస్కారం, టెన్సింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం లభించాయి.

2024 అక్టోబరు 2న తారిణి మళ్లీ గోవా నుంచి కదిలింది. ఈసారి దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులే దాన్ని నడిపారు. 2025 మే 29న వారు తిరిగి వచ్చారు. ఆ సెప్టెంబరులో త్రివిధ దళాల మహిళా అధికారిణులు ‘త్రివేణి’ పడవ మీద ముంబయి నుంచి మరో ప్రదక్షిణకు బయలుదేరారు.