ద్రాక్షతోటలో పుట్టిన మాట

లాటిన్ భాషలో ‘గెమ్మ’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ద్రాక్షతీగ కణుపు దగ్గర ఉబ్బి, చలి తగ్గగానే చిగురు వేసే మొగ్గ ఒకటి. ఉంగరంలో పొదిగే రత్నం రెండోది. వీటిలో ఏది ముందన్న విషయంలో రోమన్ పండితులు పొరపడ్డారు. సిసిరో క్రీ.పూ. 55లో వక్తృత్వం మీద రాసిన గ్రంథంలో, తీగలు ‘రత్నాలు తొడుగుతున్నాయి’ అని పల్లెటూరి వాళ్లు సైతం అలంకారంగా మాట్లాడతారని ఉదాహరణ ఇచ్చాడు. నూరేళ్లు దాటాక క్వింటీలియన్ కూడా అదే పట్టాడు. పాపం రైతులకు వేరే మాట లేదు, అందుకే రత్నం పేరు అరువు తెచ్చుకున్నారన్నాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు దీన్ని తిరగేసి చెబుతున్నారు. మొగ్గే అసలు అర్థం, నిగనిగలాడే రాయికి ఆ పేరు తర్వాత వచ్చింది. అరువు తెచ్చుకున్నది నగరం, ఇచ్చింది తోట. సంస్కృతంలో పంటికి వాడే ‘జంభ’ శబ్దానికీ ‘గెమ్మ’కూ మూలం ఒకటేనని కొందరి అభిప్రాయం. చిగురును చీల్చుకుని వచ్చే పన్నులా చూస్తే అది సబబుగానే ఉంటుంది.

రత్నమనే అర్థం యూరప్ భాషల్లో బాగా పాకింది. ఇంగ్లీషు ‘జెమ్’ దాని సంతానమే. ఇటలీలో గనిలో తవ్విన ఉప్పును ఇప్పటికీ ‘సాల్‌జెమ్మా’ అంటారు. ఫ్రాన్స్ నైరుతి మూల లాండ్ ప్రాంతంలో పైన్ చెట్లకు గాటు పెట్టి తీసే జిగురు ‘జెమ్’, ఆ పని చేసేవాడు ‘జెమ్మర్’. మొగ్గ అనే అర్థం మాత్రం తోటపనివాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మొగ్గతో వాళ్లు చేసే పని ఎలా సాగేదో క్రీ.శ. ఒకటో శతాబ్దిలో కొలుమెల్లా రాసిపెట్టాడు. స్పెయిన్‌లోని గాడెస్, అంటే నేటి కాదిజ్, అతని ఊరు. వ్యవసాయం మీద పన్నెండు భాగాల గ్రంథం రాశాడు. అందులో మొగ్గ అంటు పద్ధతి ఇలా ఉంటుంది: మంచి చెట్టున నునుపైన లేత కొమ్మ చూసి, దాని మీద బలమైన మొగ్గను ఎంచుకోవాలి. మొగ్గ నడిమధ్యకు వచ్చేలా చుట్టూ రెండు వేళ్ల చదరం గుర్తు పెట్టుకోవాలి. పదునైన కత్తితో ఆ గీత వెంట కోసి, మొగ్గ దెబ్బతినకుండా బెరడు వలవాలి. అంటు కట్టే చెట్టు మీద సరిగ్గా అంతే బెరడు తీసి, ఆ ఖాళీలో దీన్ని కూర్చోబెట్టాలి. కట్టు కట్టి, మొగ్గను వదిలేసి చుట్టూ మట్టి మెత్తాలి. ఇరవై ఒకటో రోజు దాటాక కట్టు విప్పాలి. బత్తాయి నర్సరీలో రంగపూర్ నిమ్మ మొక్కకు టి ఆకారంలో గాటు పెట్టి మొగ్గ అమర్చే మనిషికి ఈ వర్ణనలో కొత్తగా తోచేది దాదాపు ఏమీ ఉండదు. మట్టి బదులు ఇప్పుడు ప్లాస్టిక్ పట్టీ, అంతే.

రోమన్ తోటమాలులు మొగ్గను ‘ఓకులస్’ అని కూడా అనేవారు, అంటే కన్ను. చెరకు నాటేటప్పుడు మూడు కళ్ల ముచ్చెలు అనే తెలుగు రైతుకు ఇందులో వింతేమీ లేదు. ఆ కంటిని మరో చెట్టులో నాటడమే ‘ఇనాక్యులేషన్’. మాట తోటలోనే ఉంటే సరిపోయేది. కానీ కాన్‌స్టాంటినోపుల్‌లో మశూచి పొక్కు రసాన్ని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించే ఆచారం గురించి వైద్యుడు టిమోని రాసిన నివేదిక 1714లో లండన్ రాయల్ సొసైటీకి చేరినప్పుడు, ఆ పనికి ఈ తోటమాటనే తగిలించారు. 1721లో లేడీ మేరీ మాంటేగ్యూ లండన్‌లో తన కూతురికి ఆ పద్ధతి చేయించాక, చెట్ల సంగతి మరుగున పడి ఇనాక్యులేషన్ అంటే వైద్యమే అయింది.

ఇక ‘గెమ్మ’ను తోట నుంచి శాస్త్రంలోకి తెచ్చినవారిలో ముందు చెప్పవలసింది వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్. చెట్ల మొగ్గల మీద ఆయన శిష్యుడు పేర్ లోఫ్లింగ్ 1749లో సమర్పించిన పరిశోధన వ్యాసానికి ‘గెమ్మే ఆర్బోరుమ్’ అనే పేరు పెట్టారు. కానీ ఆ మాటకు అసలైన పని కల్పించింది చెట్టు కాదు, మంచినీటి జంతువు.

హాగ్ నగరం దగ్గర బెంటింక్ ప్రభువు పిల్లలకు పాఠాలు చెప్పే అబ్రహాం ట్రెంబ్లీ జెనీవా వాడు. 1740లో అతనికి కుంట నీళ్లు నింపిన గాజు జాడీలో పచ్చటి పోగుల్లాంటి ప్రాణులు కనిపించాయి. ముట్టుకుంటే ముడుచుకునేవి, వెలుతురు వైపు జరిగేవి. జంతువా, మొక్కా? మొక్కయితే కోసినా రెండు ముక్కలూ బతుకుతాయన్న లెక్కతో నవంబర్ 25న ఒకదాన్ని అడ్డంగా కోశాడు. కొన్నాళ్లకు రెండు ముక్కలూ రెండు నిండు ప్రాణులయ్యాయి. అతని లెక్క ప్రకారం అది మొక్క కావాలి, కానీ అది నడుస్తోంది, వేటాడుతోంది. ఫ్రాన్స్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుడు రియోమూర్‌కు నమూనాలు పంపితే, అది జంతువేనని ఆయన తేల్చాడు.

అంతకన్నా విచిత్రం 1741 తొలి నెలల్లో బయటపడింది. ఒక ప్రాణి పక్కన చిన్న బొడిపె లేచింది. అది పొడుగై, కొసన చేతులు మొలిచి, తల్లిని అంటిపెట్టుకునే తన ఆహారం తాను పట్టడం మొదలుపెట్టింది. తల్లి మింగినది పిల్ల కడుపులోకీ వెళ్తోందని ట్రెంబ్లీ కళ్లారా చూశాడు, అంటే రెంటి పొట్టలూ ఒకటే గొట్టం. ఆ తర్వాత దారి మూసుకుపోయి పిల్ల విడిపోయింది. ఆడా మగా కలవకుండా జంతువు కొమ్మలా పిల్లను వేయడం అప్పటి యూరప్‌కు మింగుడుపడని సంగతి. నిజానికి లేవన్‌హుక్ 1702లోనే రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో దీన్ని వర్ణించాడు, ఎవరూ పట్టించుకోలేదు. ట్రెంబ్లీకి మాత్రం 1743లో కోప్లీ పతకం దక్కింది. మరుసటేడు అతని పుస్తకం వెలువడింది. ఆ జీవికి ‘హైడ్రా’ అన్న ప్రజాతి పేరు 1758లో లినేయస్ పెట్టాడు. ఇలా మొగ్గ తొడిగి పిల్లను వేయడమే శాస్త్రగ్రంథాల్లో ‘జెమ్మేషన్’ అయింది. దీన్ని ‘జెమినేషన్’తో కలపకూడదు. అది జంట అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

తర్వాతి శతాబ్దిలో జాబితా పెరిగింది. 1830ల చివర కాన్యార్ లాటూర్, ష్వాన్ వేర్వేరుగా ఈస్ట్ మొగ్గలతో పెరుగుతుందని చూపారు. బొంబాయిలో సైనిక వైద్యుడు హెన్రీ కార్టర్ 1849లో అక్కడి మంచినీటి స్పంజికల మీద వ్యాసం ప్రచురించాడు. ఎండాకాలం చెరువు ఎండితే స్పంజిక చచ్చిపోతుంది గానీ, ఆవగింజ కన్నా చిన్న గట్టి గుళికలు మిగులుతాయి, తిరిగి నీళ్లొస్తే వాటిలోంచి కొత్త స్పంజిక పుడుతుంది. వాటికి ‘జెమ్యూల్’ అనే పేరు స్థిరపడింది, అంటే చిట్టిమొగ్గ. చెరువులు నిండి ఎండే నేలలో ఈ ఏర్పాటు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఆ చిట్టిమొగ్గ పేరునే డార్విన్ 1868లో మరో పనికి వాడుకున్నాడు. శరీరంలోని ప్రతి భాగమూ అతిసూక్ష్మమైన ‘జెమ్యూల్స్’ను వదులుతుందని, అవి పోగై సంతానానికి లక్షణాలు అందుతాయని ఊహించాడు. అతని బంధువు గాల్టన్ కుందేళ్లలో రక్తం మార్చి, పిల్లల రంగు మారుతుందేమోనని పరీక్షించి, మారడం లేదని 1871లో ప్రకటించాడు. సిద్ధాంతం అక్కడితో కుంటుపడింది. డీ వ్రీస్ 1889లో దాన్ని సవరించి, ఆ సూక్ష్మరేణువులను ‘పాంజెన్’ అన్నాడు, 1909లో యోహాన్‌సెన్ ఆ పేరును కుదించి ‘జీన్’ చేశాడు. అది గ్రీకు మాట, లాటిన్ మొగ్గకు అందులో వాటా లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు హైడ్రా, ఈస్ట్‌ల విషయంలో ‘జెమ్మేషన్’ను దాదాపు వదిలేసి తేలికైన ‘బడ్డింగ్’ వాడుతున్నాయి. తెలుగు పుస్తకాల్లో కోరకీభవనం అదే. ‘జెమ్మా’ మాత్రం మార్కాన్షియా పాఠంలో నిలిచింది. తడి నేలల్లో పాకే ఈ మొక్క మీద చిన్న గిన్నెలుంటాయి, వాటి అడుగున పచ్చటి బిళ్లలు పుడతాయి, వానచినుకు పడినప్పుడు చిమ్ముకుపోయి దూరాన మొలుస్తాయి. ఆ గిన్నెలను జెమ్మా కప్పులనీ, బిళ్లలను జెమ్మాలనీ తెలుగు విద్యార్థులూ రాస్తారు.