ఎదురుకాళ్ళ కబురు

"బచ్చా ఉల్టా హై."

డాక్టరమ్మ మామూలుగానే అంది. బల్ల మీద పడుకున్న అమ్మాయికి ఆ తర్వాత మాటలేవీ చెవికెక్కలేదు. శ్రీకాకుళం నుంచి పెళ్ళై జంషెడ్‌పూర్ వచ్చి మూడేళ్ళు. హిందీ ఇంకా కూడబలుక్కునే మాట్లాడుతుంది. ఉల్టా అంటే ఏమిటో మాత్రం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. తొలిచూలు. 36వ వారం.

డాక్టరమ్మ ఆమె చేతిని తీసుకుని పక్కటెముకల కింద ఆనించింది. గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. ఇటు నుంచి కదిపితే అటు ఊగింది. అది తల. కింద ఉండాల్సింది పైన ఉంది. బిడ్డ గుండె చప్పుడు కూడా బొడ్డుకు పైనే వినిపించింది. పిరుదులు కిందికి, కాళ్ళు రెండూ నిటారుగా పైకి, పాదాలు చెవుల దగ్గరికి ఉన్నాయని స్కానింగ్ తేల్చింది.

ఈ అమ్మాయికి ఇక్కడ పేరు లేదు. ఉక్కు కంపెనీ కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలోనూ, మన ఊళ్ళలోనూ ఎందరికో ఎదురయ్యేదాన్ని ఒక్క గడపలోకి చేర్చి చెబుతున్న కథ ఇది. ఇందులోని వైద్యం నిజం. మధ్యలో వచ్చే బెర్లిన్ కాన్పు చరిత్రకెక్కినది.

పారలు, పలుగులు, గునపాలు తయారుచేసే టాటా అగ్రికో పేరే వాళ్ళుండే కాలనీకీ వచ్చింది. అక్కడి క్వార్టర్‌లో, పురిటికి తోడుగా వచ్చిన తల్లి చేటలో బియ్యం ఏరుతోంది.

"డాక్టరమ్మ ఏటందే?"

"ఎదురుకాళ్ళంటమ్మా."

చేటలో వేళ్ళు ఆగిపోయాయి. ఒళ్ళంతా బయటికొచ్చి తల చిక్కుకుపోయిన బిడ్డ ఒకటి, ఎప్పుడో తమ ఊళ్ళో చూసినది, ఆమె కళ్ళ ముందు కదిలింది. ఆ సంగతి నోట రానివ్వలేదు. "ఏటవదులే. ఎదురుకాళ్ళతో పుట్టినోలు నడుం మీద కాలెడితే పట్టు ఇట్టే వదిలేద్ది. అదురుష్టమే" అంది.

ఆ రాత్రి ఉక్కు కంపెనీలో బి షిఫ్ట్ దిగి భర్త ఇంటికొచ్చేసరికి పదిన్నర. ఆమె ఇంకా మేలుకునే ఉంది.

"ఏమండీ, బిడ్డలో ఏదైనా లోపముంటేనే ఇలా అవుతుందా?"

అతని దగ్గర జవాబు లేదు. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళి డాక్టరమ్మనే అడిగారు. 28 వారాలప్పుడు నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు ఇలాగే ఉంటారు. చాలామంది తమంతట తామే తిరిగిపోతారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. ఉమ్మనీరు తగ్గినా పెరిగినా, మాయ కిందికి ఉన్నా, గర్భసంచి ఆకారంలో తేడా ఉన్నా, కవలలున్నా తిరగలేకపోవచ్చు. బిడ్డలో లోపం కారణమయ్యేది అరుదు. అది చూడడానికే మళ్ళీ స్కానింగ్. చేతులెత్తి బట్టలు ఆరేసినందుకో, ఒక పక్కకే పడుకున్నందుకో ఇలా కాదు. తల్లి తప్పు ఇందులో ఏమీ లేదు.

మరి భయం దేనికి? మామూలు కాన్పులో బిడ్డ ఒంట్లో అన్నిటికన్నా పెద్దదైన తల ముందు వచ్చి దారి చేస్తుంది. ఎదురుకాన్పులో ఆ తల ఆఖరున వస్తుంది. అప్పుడు చిక్కుకుంటే చేతిలో ఉండేవి నిమిషాలే.

ఆ ముప్పుకు రాజభవనమైనా ఒకటే. 1859 జనవరి 26 అర్ధరాత్రికి కాస్త ముందు, బెర్లిన్‌లో ఇంగ్లండ్ రాణి విక్టోరియా పెద్దకూతురికి నొప్పులు మొదలయ్యాయి. ఆమెకు 18 ఏళ్ళు. తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని ఆస్థాన వైద్యుడు వెగ్నర్‌కు తెలిసింది నొప్పులు వచ్చాకే. ప్రసూతి వైద్యుడు మార్టిన్ భవనానికి చేరేసరికి మర్నాడు పొద్దున పది. ఆమె కేకలు ఆగలేదు. క్లోరోఫాం ఇచ్చారు. మధ్యాహ్నం 2:45కు పిరుదులు కనిపించాయి. బొడ్డుతాడులో నాడి బలహీనంగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఎడమ చేయి తల వెనక్కి ఇరుక్కుపోయింది. మార్టిన్ ఆ చేతిని బలంగా కిందికి లాగాడు. బిడ్డ బయటపడ్డాడు, ఏడవలేదు. మంత్రసాని గట్టిగా చరిచి చరిచి చూస్తే, చివరికి సన్నని ఏడుపు వచ్చింది. చేతి నరాలు దెబ్బతిన్నాయని కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడలేదు. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ అయిన ఆ బిడ్డ, పొట్టిగా ఉండిపోయిన ఎడమ చేతిని ఫొటోల్లో జీవితాంతం దాచుకుంటూనే గడిపాడు.

ఆ రాకుమారికి లేనిదీ, అగ్రికో అమ్మాయికి దొరికిందీ ముందస్తు కబురు. మూడు వారాల వ్యవధి.

ఆ వ్యవధిలో చేయగలిగింది ఉంది. 37వ వారం దగ్గర పడ్డాక, గర్భసంచి వదులయ్యే మందు ఇచ్చి, పొట్ట మీద నుంచే రెండు చేతులతో బిడ్డను మెల్లగా తిప్పి చూస్తారు. ఇంచుమించు సగం మందిలో ఫలిస్తుంది. ఆసుపత్రిలో, బిడ్డ గుండెను కనిపెట్టుకుంటూ, ఆపరేషన్ ఏర్పాట్లు దగ్గర పెట్టుకుని మాత్రమే చేయాల్సిన పని. మంత్రసాని చేత పొట్ట పిసికించుకోవడం దీనికి సాటి కాదు.

ఈ అమ్మాయికి ఉమ్మనీరు తక్కువ. తిప్పడం కుదరదన్నారు. 39వ వారంలో సిజేరియన్ ఖాయం చేశారు. 26 దేశాల్లో ఇలాంటి 2,088 మంది తల్లులతో చేసి 2000లో ప్రకటించిన పరిశోధనలో, ముందే నిర్ణయించిన సిజేరియన్‌లో బిడ్డకు ప్రాణాపాయం లేదా తీవ్ర హాని నూటికి 1.6, మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే 5. చేయి తిరిగిన వైద్యులుంటే, తల్లినీ బిడ్డనూ చూసి మామూలు కాన్పు చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఇంటికి పంపుతూ డాక్టరమ్మ ఒక్క మాట మరీ మరీ చెప్పింది: "నీళ్ళు పోతే నొప్పుల కోసం చూడొద్దు. వెంటనే రండి." ఎదురుకాళ్ళ బిడ్డ పిరుదులు కింది దారిని తలలా మూయవు. ఆ సందులోంచి బొడ్డుతాడు జారితే బిడ్డకు రక్తం అందదు.

అనుకున్న రోజునే ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఏడ్చింది. ఆ ఏడుపు విని వరండాలో అమ్మమ్మ గోడకు చేరబడి కూర్చుండిపోయింది. బిడ్డను చూశాక మాత్రం మళ్ళీ గుండె జారింది. కాళ్ళు రెండూ మొహం దాకా మడిచి ఉన్నాయి. చాపితే మళ్ళీ పైకే పోతున్నాయి.

"కాళ్ళు వంకరేమో బాబూ..." అంది అల్లుడితో.

వంకర కాదు. కడుపులో అలవాటైన తీరు. కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది. పిల్లల డాక్టరు చూసింది వేరే సంగతి. మోకాళ్ళు మడిచి, తొడలను ఒక్కొక్కటిగా మెల్లగా పక్కకు తెరుస్తూ, తుంటి కీలు జారుతోందేమో వేళ్ళ కొసలతో కనిపెట్టాడు. ఎదురుకాళ్ళ బిడ్డల్లో, అందులోనూ ఆడపిల్లల్లో, తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం ఎక్కువ. సిజేరియన్ చేసినా ఆ ముప్పు పూర్తిగా పోదు. పసితనంలోనే తెలిస్తే మెత్తని పట్టీలతోనే చాలావరకు సరిపోతుంది. నడక వచ్చాక తెలిస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు. అందుకే చేతికి బాగానే తగిలినా ఆరు వారాలకు తుంటి స్కానింగ్ రాశాడు.

అమ్మమ్మ పొత్తిగుడ్డలు తీసి, కాళ్ళు చాపి బిగించబోయింది. డాక్టరు ఆపాడు. "చుట్టండి, కానీ నడుం కింద వదులుగా. కాళ్ళు మడుచుకుని పక్కలకు కదలాలి." నూనె రాసి కాళ్ళు లాగడం కూడా వద్దన్నాడు. ఆమె మారుమాటాడకుండా ముడి విప్పేసింది.

ఆరు వారాలకు స్కానింగ్‌లో రెండు కీళ్ళూ చక్కగా ఉన్నాయి. ఊరికి బయల్దేరే ముందు అమ్మమ్మ బోర్లా పడుకుని, మనవరాలి పాదాన్ని తన నడుం మీద ఆనించమంది. కూతురు ఆనించింది.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే 36వ వారంలో ఒక్క ప్రశ్న అడగండి: బిడ్డ తల ఎక్కడుంది? ఎదురుకాళ్ళని చెబితే బెంబేలు పడకండి, నిర్లక్ష్యం చేయకండి. పుట్టాక, కాన్పు ఎలా జరిగినా సరే, ఆ బిడ్డకు ఆరు వారాలకు తుంటి పరీక్ష చేయించడం మరవకండి.