వైట్‌హౌస్ దాచిపెట్టని జబ్బు: 1974లో అసలేం జరిగింది?

ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ రాసుకుంటూ ఒక్క మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఆ మాట "రొమ్ము". ఈ వీడియో అమ్మ చూస్తుంది, బాబాయిలు చూస్తారు, ఎలా అనాలి అనిపించింది. అప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. తనకి గడ్డ తగిలిన సంగతి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. "నొప్పి లేదు కదా, అయినా ఇంతమంది మగాళ్లున్న ఇంట్లో ఏమని చెప్పను?" అంది. తను చెప్పేసరికి ఆలస్యమైపోయింది. అందుకే ఇవాళ పైకే అంటున్నా: రొమ్ము క్యాన్సర్.

ఈ మొహమాటం మనకొక్కళ్లకే లేదు. 1950ల మొదట్లో అమెరికాలో ఫ్యానీ రోజెనో అనే ఆవిడ, ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ల బృందం కోసం ప్రకటన ఇద్దామని న్యూయార్క్ టైమ్స్‌కి ఫోన్ చేశారు. ఆ రెండు మాటలూ వేయలేం, "ఛాతీ గోడ జబ్బులు" అని వేస్తే సరిపోతుందా అన్నారట పత్రికవాళ్లు. ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు 1974కి వద్దాం. వాటర్‌గేట్ గొడవలో నిక్సన్ దిగిపోయి, ఆగస్టు 9న జెరాల్డ్ ఫోర్డ్ అధ్యక్షుడయ్యారు. ఏడు వారాలు తిరగకముందే ఆయన భార్య బెట్టీకి డాక్టర్ పరీక్షలో కుడి రొమ్ములో గడ్డ కనిపించింది. ఆవిడ వయసు అప్పటికి 56. సెప్టెంబర్ 28న ఆపరేషన్. ఆ రోజుల్లో పద్ధతి ఎలా ఉండేదంటే, మత్తులో ఉండగానే గడ్డని పరీక్షించేవాళ్లు. క్యాన్సర్ అని తేలితే అప్పటికప్పుడే రొమ్ము తీసేసేవాళ్లు. బెట్టీకీ అదే జరిగింది.

అయితే వైట్‌హౌస్ ఈ సంగతి దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆవిడకి వేలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. దేశమంతటా ఆడవాళ్లు పరీక్షలకి క్యూ కట్టారు. ఆ కొద్ది వారాల్లోనే, ఉపాధ్యక్ష పదవికి ఎంపికైన నెల్సన్ రాక్‌ఫెల్లర్ భార్య హ్యాపీ కూడా తనకి గడ్డ ఉందని కనుక్కున్నారు. అక్టోబర్‌లో ఆవిడకీ ఆపరేషన్ అయింది. ఆ ఏడాది లెక్కల్లో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. జబ్బు పెరగలేదు, అప్పటిదాకా బయటపడనివి బయటపడ్డాయి అంతే! బెట్టీ ఆ తర్వాత 37 ఏళ్లు దాదాపుగా బతికి, 2011లో 93వ ఏట కన్నుమూశారు.

నేను కోడ్ రాసిన రోజుల్లో ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. రాసిన రోజే దొరికిన బగ్ పది నిమిషాల పని. రిలీజ్ అయ్యాక దొరికితే రాత్రంతా జాగారమే. ఇక్కడా అంతే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే చాలామందికి రొమ్ము మొత్తం తీయక్కర్లేదు. గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినా అంతే కాలం బతుకుతారని బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లో చూపించింది.

"మామోగ్రామ్‌లు మన ఊళ్లో ఎక్కడున్నాయి?" అని అడుగుతారు. దానికి మన దేశంలోనే జవాబుంది. 1998లో ముంబైలో టాటా మెమోరియల్ డాక్టర్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు సగం మందిని రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. 50 దాటినవాళ్లలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో అంత తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. కానీ ఖరీదైన మెషీన్ లేకుండా, శిక్షణ ఉన్న చేతులతో ఇంత జరిగింది.

గుర్తుపెట్టుకోండి: రొమ్ములోగానీ చంకలోగానీ కొత్త గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, దాన్నుంచి రక్తం రావడం. వీటిలో ఏది కనిపించినా డాక్టర్‌కి చూపించాలి. నొప్పి లేదని వదిలేయకండి, మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు. అలాగని భయపడిపోకండి, ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కానేకావు. ఏదన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మా పెద్దమ్మని ఆ ఎనిమిది నెలల్లో మేం ఎవరం అడగలేదు. మీరు అడగండి. ఈ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో పడేసి ఊరుకోవద్దు. అమ్మకో, అత్తకో, అక్కకో ఫోన్ చేసి, ఆ మాట మీరే ముందు అనండి. ఉంటాను.