అంగరక్షక ఆశ్వికదళ వర్ణచిత్రాలు

వైస్రాయి ఊరేగింపులలో వెంట నడిచిన అంగరక్షక ఆశ్వికదళాన్ని 1773లో వారన్ హేస్టింగ్స్ నెలకొల్పాడు. మద్రాసు గవర్నరు దళం 1778 నాటిది, 1947లో రద్దయింది. ఇటువంటి రౌతుల ముద్రిత చిత్రాలలో మేజర్ ఏ. సి. లోవెట్ నీటిరంగు చిత్రాలు ప్రసిద్ధాలు. వాటిలో 72 చిత్రాలు 'ది ఆర్మీస్ ఆఫ్ ఇండియా' (లండన్, 1911) గ్రంథంలో వెలువడ్డాయి, వ్యాఖ్యానం మెక్‌మన్‌ది.

ఈ గ్రంథపు ప్రతులను చించి, చిత్రాలకు పటాలు కట్టి విడివిడిగా విక్రయించడం పరిపాటి. బొమ్మ దక్కుతుంది, వ్యాఖ్యానం పోతుంది. నష్టం చిన్నది కాదు: నాటి ప్రభుత్వపు 'యోధజాతుల' సిద్ధాంతం ఆ పుటలలోనే ఉన్నది. మద్రాసు పదాతిదళంలో తరతరాలుగా కొలువు చేసిన తెలుగువారి నియామకం క్షీణించడానికి ఆ సిద్ధాంతమూ ఒక ముఖ్యకారణం. చాలా చిత్రాల క్రింద దళం పేరు, రౌతు కులం లేదా మతం మాత్రమే కనిపిస్తాయి. మనిషి పేరు ఉండదు.