కంప్యూటర్ల నామపట్టిక - దాని పూర్వచరిత్ర



మనుష్యుడు పేరుపెట్టి పిలిచిన పలుకును. కంప్యూటరు సంఖ్యతో పిలిచినగాని పలుకదు. సంఖ్యలను జ్ఞప్తియందుంచుకొనుట మనకు కష్టము గనుక, ప్రతి యంత్రమునకు నొక పేరు పెట్టి, ఈ పేరున కీ సంఖ్య యని యెచ్చటనో వ్రాసియుంచుట యాచారమైనది. ఆ వ్రాత యెవరియొద్ద నుండవలెను? ఈ చిన్న ప్రశ్నకు యేబదియేండ్లకు పైబడిన చరిత్ర కలదు. నేడు దానినే మీకు విన్నవింపదలచితిని.

1969వ సంవత్సరమున అమెరికాలో ఆర్పానెట్ అను కంప్యూటర్ల వల యేర్పడెను. ఆ యేటి చివరకు దానియందున్నవి నాలుగు స్థానములే: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాసేంజలీసు, శాంటాబార్బరా శాఖలు, యూటా విశ్వవిద్యాలయము, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ. అంత చిన్న వలలో నెవరి పట్టిక వారు వ్రాసికొనిరి. వల పెరిగినకొలది ఒకరి పట్టికలోని పేరు మఱియొకరి పట్టికలో లేకపోవుటయో, వేఱుగా నుండుటయో తటస్థించెను. అందుచే 1973 డిసెంబరులో పీటర్ డాయిచ్ అను నతడు అందఱికిని ప్రామాణికమైన పట్టిక యొక్కటి యుండవలెనని సూచించెను. మఱుసటి యేట స్టాన్‌ఫర్డ్ సంస్థలోని సమాచారకేంద్రము ఆ భారమును వహించెను.

ఆ కేంద్రమును నడపినది ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణి. క్రొత్త యంత్రమునకు పేరు కావలసినవారు పనివేళలలో టెలిఫోను చేసి యామె కార్యాలయమున నమోదు చేయించుకొనుచుండిరి. హోస్ట్స్ అను ఆ దస్త్రమును తక్కినవారు తెచ్చుకొని తమ యంత్రములందు నకలుంచుకొనుచుండిరి. 1984లో కరణముల పదవి రద్దగువఱకు మన గ్రామపు లెక్కలు ఒక చేతిక్రింద నుండినట్లే, ఈ పేర్లును ఒక చేతిక్రింద నుండెను. ఏది సరియను తగవు వచ్చినపుడు చూడదగిన ప్రతి యొక్కటే.

అయినను 1980 తరువాత యంత్రములు వందలకొలది యయ్యెను. పట్టిక పెరిగెను, నకలు కోరువారును పెరిగిరి. నకలు చేరులోపలనే యసలు మాఱుచుండెను. అపుడు జాన్ పోస్టెల్ కోరగా, పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు 1983 నవంబరులో డొమైన్ నేమ్ సిస్టమ్ అను నూతన పద్ధతిని ప్రకటించెను. దీని కీలకము అధికారమును పంచుట. జాబుపై విలాసమును చూడుడు. ఢిల్లీలోని తపాలా యుద్యోగికి మన యూరి యిండ్లు తెలియవు. జిల్లా తెలిసిన చాలును. జిల్లావారికి ఊరు తెలియును. ఊరివారికి ఇల్లు తెలియును. అట్లే పేరును చుక్కలతో విభజించి, కుడికొసనున్న భాగపు పాలకుని మొదట నడిగిన, అతడు తరువాతి భాగపు పాలకుని చూపును. తుదకు ఆ స్థానమువారే సంఖ్య చెప్పుదురు. ప్రపంచమంతయు నేటికిని ఈ పద్ధతిననే నడచుచున్నది.

మఱి పాతపట్టిక గతి యేమి? అది నశింపలేదు, ఇండ్లలో నిలిచినది. 1991లో ఫిన్లాండునందు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్సుతో నడచు కంప్యూటర్లయందు, ఈటీసీ అను అరలో హోస్ట్స్ అను దస్త్రము నేటికిని కలదు. సాధారణముగ లైనక్సు మొదట దీనిని చూచి, ఇందు లేని పేరునకే బయట విచారించును.

ఇంట దీని యవసరమేమనగా, 192.168తో మొదలగు సంఖ్యలు 1996 నాటి కట్టుబాటు ప్రకారము ఎవరైనను లోపల వాడుకొనదగినవి. అదే సంఖ్య మా యింట నొక యంత్రమునకు, మీ యింట వేఱొక యంత్రమునకు నుండవచ్చును. కావున బయటి పట్టికలు వాని పేర్లు చెప్పజాలవు. మా యింట పాత దస్తావేజుల ప్రతులు దాచిన కంప్యూటరు పేరు భోషాణము. నేను వ్రాసికొను దాని పేరు సావడి. సావడిలోని దస్త్రమున 192.168.1.20 అని వ్రాసి, ప్రక్కన ఇంగ్లీషు లిపిలో భోషాణము అని చేర్చితిని. భోషాణములో సావడిని గూర్చి యట్లే వ్రాసితిని. ఇపుడవి పరస్పరము పేరుతో పిలుచుకొనుచున్నవి.

అయితే పాత పద్ధతితో పాత దోషమును వచ్చును. ఇంటిలో సంఖ్యలు పంచునది రౌటరు. అది భోషాణమునకు రేపు వేఱొక సంఖ్య నీయవచ్చును. అపుడు భోషాణమును పిలిచిన మఱియొక యంత్రము పలుకును. లేదా యేదియు పలుకదు. కావున ముందుగ రౌటరునందు ఆ యంత్రపు సంఖ్యను స్థిరపఱచి, పిమ్మట పేరు వ్రాయవలెను. యంత్రములు నాలుగైదు దాటిన, పట్టికను ఒక్క యంత్రమునకే యప్పగించి తక్కినవి దానినే యడుగునట్లు చేయుట మేలు. 2013లో ప్రామాణికమైన మూడవ మార్గమున పట్టికయే లేదు. "భోషాణమెవరు?" అని యొక యంత్రము ఇంటనున్న వాని నన్నిటిని అడుగగా, ఆ పేరుగలదియే తన సంఖ్య చెప్పును. అట్టి పేర్లు లోకల్ అను మాటతో ముగియును. లైనక్సునందు అవాహి అను ప్రోగ్రాము ఈ పని చేయును.

భూమిలెక్క లెఱిగిన మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు: పట్టిక వ్రాయుటకంటె దానిని దిద్దుచుండుట కష్టము. పిల్లలు ఇంటి యంత్రములకు పేర్లు పెట్టి పట్నము పోవుదురు; యంత్రములు మనయొద్దనే యుండును. వారు బయలుదేఱుటకు పూర్వమే, ఏ పేరును ఏ యంత్రమున ఏ దస్త్రమున వ్రాసిరో అడిగి, ఒక కాగితముపై వ్రాయించి యుంచుకొనుడు.