ఐకాన్ ఆఫ్ ద సీస్

రాయల్ కరీబియన్ సంస్థకు చెందిన భారీ విహార నౌక. ఫిన్లాండ్‌లోని టుర్కులో తయారై, 2024 జనవరి 27న మయామీ నుంచి తొలి యాత్రకు బయలుదేరింది. పొడవు సుమారు 365 మీటర్లు, అంతస్తులు 20. స్థూల టన్నేజీలో టైటానిక్‌కు ఐదు రెట్లు పైమాటే.

గదికి ఇద్దరి లెక్కన 5,610 మంది, పిల్లాజెల్లాతో నిండితే 7,600 మంది దాకా పడతారు. సిబ్బంది మరో 2,350 మంది. ఓ చిన్న పట్టణం నీళ్ల మీద కదులుతున్నట్టే. ఏడు ఈతకొలనులు, ఆరు నీటి జారుడుబల్లలు, నిజమైన మొక్కలు పెరిగే పార్కు ఉన్నాయి. అయినా ఏ రేవూ తగలని రోజున కొలను పక్కన కుర్చీ దొరికితే అదృష్టమే! తువ్వాలు పరిచి ముందే చోటు పట్టుకోవడం ఇలాంటి నౌకలన్నిటా పాత తగవు. బఫే దగ్గర, లిఫ్టుల దగ్గర వరుసలు తప్పవు.

టికెట్‌లో గది, ప్రధాన భోజనశాలల తిండి కలిసి ఉంటాయి. మద్యం, ఇంటర్నెట్, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవుల్లో విహారాలు అదనం. చూపిన ధరకూ చివరి బిల్లుకూ తేడా అక్కడే వస్తుంది.

ఇంత రద్దీలో నోరోవైరస్ వాంతులు, విరేచనాలు తేలిగ్గా పాకుతాయి. దానికి శానిటైజర్ చాలదు, సబ్బుతో చేతులు కడగాల్సిందే.

2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి కార్డీలియా అనే విహార నౌకల సంస్థ నడిపిన ఎంప్రెస్ నౌక కూడా ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే.